కంపెనీ మూతపడిన పిదప పూచీపత్రమునకు గతి యేమి?

గడచిన వేసవిలో పుంగనూరు ప్రాంతపు సభ్యుడొకరు మన సంఘ కార్యాలయమునకు వచ్చి, ప్లాస్టిక్ సంచిలో భద్రముగా పెట్టుకొనిన యొక కాగితమును తీసి బల్లపై నుంచిరి. అది ఆయన సోలారు పంపుసెట్టు వారంటీ కార్డు. దళసరి కాగితము, రంగుల అక్షరములు, అయిదు సంవత్సరముల పూచీ, క్రింద ముద్ర; దేనికిని లోపము లేదు. పంపుసెట్టు కొని అప్పటికి మూడవ యేడు. ఒకనాటి మధ్యాహ్నము మోటారును నడిపించు కంట్రోలరు పెట్టె చల్లారిపోయెను. రెండెకరముల టమోటా పిందె మీద నున్నది. కార్డుపై నున్న నంబరునకు ఫోను చేయగా ఆ నంబరు వాడుకలో లేదని వినవచ్చెను. అమ్మిన దుకాణమునకు పోగా యజమాని, “కంపెనీనే ఎత్తేసినారు కదన్నా, నేనెక్కడి నుంచి తెచ్చిచ్చేది?” అని చేతులెత్తెను.

ఈ కార్డు చెల్లునా, చెల్లదా యని ఆ సభ్యుడు మమ్ము అడిగిరి. వెంటనే బదులు చెప్పజాలక కొంత తడబడితిమి. అటుపిమ్మట చట్టములను, ఇతరచోట్ల జరిగిన సంగతులను విచారించి తెలిసికొన్నదానిని ఇతర సభ్యులకును ఉపయోగపడునని యిందు వ్రాయుచున్నాము.

పూచీ యనునది యంత్రమునకు అంటుకొని యుండు గుణము కాదు. అది ఒకరు మరియొకరికి చేసిన వాగ్దానము. అప్పుపత్రము మీద జామీనుదారు సంతకము చేసినట్లే, యంత్రము చెడినచో బాగుచేసి యిచ్చెదనని తయారుదారు సంతకము చేయుచున్నాడు. జామీనుదారు ఊరు విడిచిపోయినంత మాత్రమున పత్రము చెల్లకపోదు. కాని వసూలు చేయవలెనన్నచో ఆయన యెక్కడ నున్నాడు, ఆయన కింకను ఆస్తి కలదా, ఆయన భారమును వహించిన వారసు లెవరైన నున్నారా యని చూడవలసి వచ్చును. కంపెనీల విషయమునను ఇంతే. “కంపెనీ పోయినది” అని మనము అనుమాట యొకటే యైనను, పోవుటలో పలు విధములు కలవు. విధమునుబట్టి కార్డు విలువ మారుచుండును.

వ్యాపారము మానుకొనియు బ్రదికియుండు కంపెనీలు కొన్ని. ఫోర్డు మోటారు కంపెనీ 2021 సెప్టెంబరు 9వ తేదీన భారతదేశములో కార్ల తయారీ మానుచున్నామని ప్రకటించెను. గుజరాతులోని సానందులోను, చెన్నై చెంతనున్న మరైమలైనగరులోను దానికి కర్మాగారములుండెను. కార్ల గొడవ రైతునకెందుకని అనవచ్చును గాని, ఈ విషయమున ఇంత స్పష్టమైన దృష్టాంతము మరియొకటి దొరకదు. తయారీ నిలిచినను, అప్పటికే కొన్నవారికి మరమ్మతు, విడిభాగములు, వారంటీ కొనసాగునని ఆ సంస్థ మాట యిచ్చెను. అంతకు ముందు 2017లో జనరల్ మోటార్సు వారు షెవర్లె కార్ల అమ్మకము నిలిపినపుడును అట్లే చెప్పిరి. ఇట్టిచోట్ల వాగ్దానము చేసినవాడు సజీవుడు, ఆస్తిపరుడు, కోర్టులకు అందుబాటులో నున్నవాడు. కార్డు పూర్తిగా చెల్లును. చిక్కంతయు దగ్గరి దుకాణము మూతపడుటలోనే యున్నది. మదనపల్లెలో జరుగవలసిన పనికి బెంగుళూరో, తిరుపతియో పోవలసి వచ్చును.

సోలారు పలకల విషయమున ఇంకను దగ్గరి ఉదాహరణ కలదు. బెంగుళూరులో 1989లో టాటా వారును, బ్రిటిషు పెట్రోలియము వారును కలిసి టాటా బీపీ సోలారు అను కంపెనీని స్థాపించిరి. దక్షిణదేశమున ఆ పలకలు అనేక గ్రామములకు చేరినవి. 2011 డిసెంబరులో బీపీ సంస్థ సోలారు వ్యాపారమునుండియే తప్పుకొనెను. దాని వాటాను టాటా పవర్ వారు కొని, 2012లో కంపెనీ పేరును టాటా పవర్ సోలారు అని మార్చిరి. వాటాదారులు మారిరి, పేరు మారెను. కాని చట్టము దృష్టిలో కంపెనీ యను వ్యక్తి మారలేదు. కావున పాత పేరుతో నిచ్చిన పూచీలు కొత్త పేరు మీద యథాప్రకారము నిలుచును. అమెరికాలో ఇంకొక సంగతి జరిగెను. అక్కడ బీపీ వారు అమ్మిన కొన్ని పలకల వెనుకనుండు జంక్షను పెట్టెలు కాలిపోవుచున్నవని కొనుగోలుదారులు దావా తెచ్చిరి. వ్యాపారము మానుకొని సంవత్సరములు గడచినను, ఆ సంస్థ 6 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము కేటాయించి రాజీపడవలసి వచ్చెను. అంగడి కట్టివేసినంతనే పూచీ తీరిపోదనుటకు ఇది నిదర్శనము.

వ్యాపారమును మరియొకరికి అమ్మివేయుట రెండవ విధము. ఇచ్చట మోసపోవుట సులభము. 1942లో హైదరాబాదున స్థాపింపబడిన ఆల్విన్ సంస్థను పెద్దలెరుగుదురు. కడపజిల్లా నందలూరులోకూడ దానికి కర్మాగారముండెను. మదనపల్లె వారి కది దూరపు సంగతి కాదు. 1990 దాటిన పిదప ఆ సంస్థ రెఫ్రిజిరేటర్ల విభాగము వోల్టాసు వారి చేతికి పోయెను. ఆల్విన్ అను పేరు మాత్రము అటుతరువాతను కొంతకాలము బజారులో వినబడుచునే యుండెను. ఇట్టి సందర్భములలో మనము అడుగవలసిన ప్రశ్న యేమనగా: కొన్నవాడు కొన్నది మొత్తము సంస్థనా, లేక పేరును, యంత్రములను మాత్రమేనా? సంస్థ మొత్తము ట్రిబ్యునలు ఆమోదముతో విలీనమైనచో ఆస్తులతోపాటు బాధ్యతలును సాధారణముగ సంక్రమించును. పేరు మాత్రము కొన్నచో, పాత బాధ్యతలను స్వీకరించితినని ఒప్పందములో వ్రాసినంతవరకే కొన్నవాడు కట్టుబడును. దుకాణముపై పాత పేరు మెరయుచున్నదని పాత కార్డు పట్టుకొని పోయినవాడు ఉత్తచేతులతో తిరిగివచ్చిన సందర్భములు ఇందువలననే కలుగుచున్నవి.

ప్రభుత్వ సంస్థ యగుటచేత శాశ్వతమని నమ్మిన సరకులు కూడ పోయినవి. హెచ్.ఎం.టి. వారు 1971లో చెకొస్లొవాకియా జెటరు సాంకేతిక సహాయముతో ట్రాక్టర్లు చేయ నారంభించిరి. ఆ ట్రాక్టరు దున్నిన పొలములు తెలుగుదేశమున లెక్కకు మించి యున్నవి. 2016 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గము పింజోరులోని ట్రాక్టరు విభాగమును మూసివేయ నిశ్చయించెను. అదే సంవత్సరము జనవరిలో ఆ సంస్థకు చెందిన గడియారముల కంపెనీని, హైదరాబాదులోని బేరింగుల కంపెనీని మూయుటకు నిర్ణయించి యుండిరి. ట్రాక్టరు మొరటు యంత్రము, ఎరిగిన మేస్త్రీలు ఊరూరను గలరు, కావున తయారీ నిలిచినను బండి నిలువలేదు. ఈ సంగతిని మరల ప్రస్తావింతుము.

కడపటిది దివాలా. ఇదియే మిక్కిలి ప్రమాదకరము. 2016 నాటి దివాలా చట్టము క్రింద ఒక కంపెనీపై అర్జీ స్వీకరింపబడగానే దానిపై దావాలన్నియు నిలిచిపోవును. వినియోగదారుల కమిషనులో వేసిన ఫిర్యాదైనను కంపెనీమీద ముందునకు సాగదు. ట్రిబ్యునలు నియమించిన అధికారి పత్రికలలో ప్రకటన వేయించి, బాకీదారులందరు 14 దినములలో తమ హక్కులను తెలుపవలెనని కోరును. వారంటీ భంగమువలన రావలసిన సొమ్మును కూడ అట్లు కోరవచ్చును. కాని ఆ ప్రకటన కంపెనీ రిజిస్టరు కార్యాలయమున్నచోటి పత్రికలలో పడును. బొంబాయిలో పడిన ప్రకటనను కుప్పము రైతు చూచుట యెట్లు? గడువు దాటిన పిదప కంపెనీని నిలుపుటకు ప్రణాళిక ఆమోదింపబడినచో, అందులో చేరని బాకీలు ఆరిపోవునని 2021 ఏప్రిలులో సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పియున్నారు. ఇక కంపెనీని అమ్మి పంచవలసి వచ్చినచో మొదట ఆ వ్యవహారపు ఖర్చులు, పిమ్మట కూలీల బకాయిలు, తాకట్టు ఋణములు, ఇట్లు వరుస సాగును. వారంటీ కార్డుగల రైతు ఆ పంక్తిలో దాదాపు చివర కూర్చుండును. వీడియోకాన్ సంస్థపై 2018లో ఈ వ్యవహారము మొదలై, 2021లో ముంబయి ట్రిబ్యునలు ఒక ప్రణాళికను ఆమోదించినపుడు ఋణదాతలకు మొత్తముమీద నూటికి అయిదు రూపాయలైనను రాని లెక్క తేలెను. అప్పీలు ట్రిబ్యునలు 2022లో దానిని త్రోసివేసినది గాని, ఆ లెక్క జ్ఞాపకముంచుకొనదగినది. తాకట్టు పెట్టుకొనిన బ్యాంకుల పంక్తిలోనే విస్తరి ఇంత పలుచనైనపుడు కార్డు పట్టుకొని చివర కూర్చున్నవాని కేమి మిగులును?

మనవారు కంపెనీ అని పిలుచునవి అన్నియు కంపెనీలు కావని కూడ చెప్పవలసియున్నది. అట్టలపై పెద్ద పేరు అచ్చువేసికొనిన సంస్థలలో పెక్కు ఒకే మనిషి వ్యాపారములు, లేదా భాగస్థుల వ్యాపారములు. అట్టివారు దుకాణము కట్టివేసినను స్వంత ఆస్తితో బాధ్యులగుదురు. నిజమైన కంపెనీ యైనచో దాని స్థితి కేంద్రప్రభుత్వ కంపెనీ వ్యవహారముల శాఖవారి వెబ్‌సైటులో రుసుము లేకుండ చూడవచ్చును. రిజిస్టరునుండి పేరు కొట్టివేయబడినను డైరెక్టర్ల బాధ్యత తీరిపోదని 2013 నాటి కంపెనీల చట్టము చెప్పుచున్నది. పుంగనూరు సభ్యునితో కూర్చుండి మేము మొదట చేసిన పని ఇదియే. ఆయన కార్డుపై నున్నది కంపెనీ కాదు, వట్టి వ్యాపారనామమని తేలినది.

తయారుదారు ఏమైపోయినను, అమ్మినవాడు మన బజారులోనే యున్నాడు. “కంపెనీ లేదు, నా పూచీ కాదు” అను మాటను రైతులు విని ఊరకుందురు గాని చట్టమట్లు చెప్పుటలేదు. మనము సొమ్మిచ్చినది దుకాణదారునకు. బిల్లు వ్రాసినది ఆయన. క్రయవిక్రయపు ఒడంబడిక మనకును ఆయనకును మధ్య జరిగినది. 1930 నాటి సరకుల విక్రయ చట్టము 16వ సెక్షను ప్రకారము, అట్టి సరకును అమ్ముట వృత్తిగాగలవాడు అమ్మినది అమ్మకమునకు తగిన నాణ్యత గలదై యుండవలెను. ఇంకను, ఏ పనికి కావలెనో ముందుగ చెప్పి, అమ్మువాని నేర్పును నమ్మి కొన్నచో, ఆ పనికి అది తగినదై యుండవలెను. అయితే ఫలానా మార్కు సరకే కావలెనని పేరుపెట్టి అడిగి కొన్నచో ఈ రెండవ రక్షణ వర్తింపదు. మన రైతులు తరచు చేయునది అదియే. దుకాణము మెట్లెక్కుచునే మార్కు పేరు చెప్పుదురు. మదనపల్లె చుట్టుప్రక్కల బోర్లు వేయి అడుగులు దాటుచున్న యీ దినములలో, బోరు లోతెంత, నీరెంత దూరమున నున్నది, ఎన్ని యెకరములు తడుపవలెను అను సంగతులు ముందు చెప్పి, “ఇంత లోతు బోరునకు తగిన పంపు” అని బిల్లుమీద వ్రాయించుకొనుట మేలు. ఆ యొక్క పంక్తి రంగుల కార్డుకంటె బలమైనది.

ఈ పూచీలు అమ్మిననాటి సరకు గుణమును గూర్చినవి. మూడేండ్లు నడచి చెడిన యంత్రమున లోపము ఆదినుండియు కలదని చూపవలసిన భారము మనపై బడును. అందుచేతనే తొలి సంవత్సరములలో వచ్చిన ప్రతి మరమ్మతునకు తేదీతో కాగితముండవలెను.

రైతు వ్యాపారి గదా, వినియోగదారుడెట్లగునని కొందరు వాదించుచుందురు. జాతీయ విత్తనసంస్థకును ఆంధ్రప్రదేశ్ రైతులకును జరిగిన వ్యాజ్యెములలో 2012 జనవరిలో సుప్రీంకోర్టువారు, జీవనాధారముగ సేద్యము చేయువాడు వినియోగదారుడే యని తేల్చిరి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద మనము నివసించు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. అమ్మినవాని ఊరికి పోనక్కరలేదు. సరకు వెల 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. కారణము పుట్టిన రెండు సంవత్సరములలో వేయవలెను. ఫిర్యాదునకు ముందు 1915 అను జాతీయ వినియోగదారుల టెలిఫోనులో చెప్పుకొనవచ్చును. తయారుదారు దివాలాలో నున్నను, అమ్మినవానిపై ఫిర్యాదు నిలిచిపోదు. ఆ రక్షణ కంపెనీకే గాని దుకాణమునకు లేదు.

అదే చట్టము 86వ సెక్షనులో ఇంకొక విశేషము కలదు. తయారుదారు ఎవరో తెలియనపుడు గాని, తెలిసినను ఆయనకు నోటీసు అందజేయ వీలులేనపుడు గాని, లోపముగల సరకువలన కలిగిన హానికి అమ్మినవాడే బాధ్యుడగును. కంట్రోలరు పేలి పశువులపాక తగులబడిన దనుకొనుడు. అపుడు ఈ సెక్షను పనికివచ్చును. యంత్రము పనిచేయలేదను నష్టమును, వారంటీ ఉల్లంఘనవలని నష్టమును, ఆర్థికనష్టమును ఆ హాని క్రింద చేర్చలేదు. వానికి యంత్రదోషమును గూర్చిన మామూలు ఫిర్యాదే మార్గము. ఈ భేదము తెలియక ఒకదానిక్రింద కోరవలసినది మరియొకదానిక్రింద కోరి చెడుట తగదు.

రాయితీమీద వచ్చిన పంపులకు మూడవ బాధ్యుడొకడు కలడు. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పీఎం-కుసుమ్ పథకపు నిబంధనలలో, సరఫరాదారుడు 5 సంవత్సరములు మరమ్మతు చూడవలెనని యున్నది. సరఫరాదారుని ఎన్నుకొన్నది ప్రభుత్వ సంస్థ. అట్టిచోట రైతు దుకాణముల చుట్టు తిరుగక, పథకమును నడపు కార్యాలయమునకు వ్రాతమూలముగ తెలిపి రసీదు పుచ్చుకొనవలెను.

ఇక యంత్రముల మాట. తయారుదారుతో చచ్చు యంత్రములు కొన్ని, చావనివి కొన్ని. సబ్‌మర్సిబుల్ మోటారు కోయంబత్తూరు కంపెనీ చేసినదైనను, అది మూతపడినను, మదనపల్లె వైండింగు షాపులో తీగె చుట్టించి బేరింగు మార్చి మరల దింపవచ్చును. ఐ.ఎస్. 8034 ప్రమాణముగల పంపైనచో కొలతలలో కొంత క్రమముండును. డ్రిప్పు పైపులకును ప్రమాణములు కలవు: పైపునకు ఐ.ఎస్. 12786, నీటిబొట్టు విడుచు ఎమిటరునకు ఐ.ఎస్. 13487. పదునారు మిల్లీమీటర్ల పైపు ఏ కంపెనీదైనను మరియొక కంపెనీ జాయింటు దానికి సాధారణముగ పట్టును. 1990 దాటిన పిదప కుప్పములో ఇజ్రాయేలు పద్ధతి సూక్ష్మసేద్య క్షేత్రములు వెలసినపుడును, 2003లో రాష్ట్ర సూక్ష్మసేద్య పథకము వచ్చినపుడును పరచిన పైపులను మన రైతులు దొరికిన ముక్కలతో అదుకుచు వాడుకొనగలుగుటకు కారణ మిదియే. సోలారు కంట్రోలరు అట్లు కాదు. అది పలకలనుండి వచ్చు విద్యుత్తును మోటారునకు తగిన విద్యుత్తుగా మార్చి, ఎండనుబట్టి వేగమును సవరించును. దాని లెక్కలు రహస్యసంఖ్య వెనుక దాగియుండును. ఆ సంఖ్య ఎరిగినవాడు పోయినచో పెట్టె రాయి వలె పడియుండును. హెచ్.ఎం.టి. ట్రాక్టరు బ్రదికి, నిన్న మొన్నటి కంట్రోలరు చచ్చుట యిందువలననే. మరమ్మతు హక్కును గూర్చి కేంద్రప్రభుత్వము 2022 జూలైలో సంఘమును నియమించి, వ్యవసాయ పనిముట్లను మొదటి నాలుగు తరగతులలో చేర్చినది. అదే డిసెంబరులో ఒక పోర్టలును తెరచినది. అందు పాలుపంచుకొనిన కంపెనీల వివరములు మాత్రమే దొరకును. పోయిన కంపెనీ అందులో నెట్లుండును?

సోలారు పలకలకు ఇరువదియైదు సంవత్సరముల పూచీ యిచ్చుట వాడుక. పదియవ యేట నూటికి 90, ఇరువదియైదవ యేట నూటికి 80 వంతుల శక్తి యుండునని వ్రాయుదురు. పలక అన్నాళ్లు ఉండవచ్చును. పుట్టి అయిదేండ్లయినను కాని కంపెనీ ఇరువదియైదేండ్లకు మాట యిచ్చుట చూచిన మాకు నవ్వు వచ్చును.

సీలు విప్పినచో వారంటీ పోవునను భయముకూడ ఒకటి కలదు. పుంగనూరు సభ్యుడు పదునొకండు దినములు ఆ పెట్టెను ఎవరిచేతను ముట్టనీయలేదు. కంపెనీ బ్రదికియున్నపుడు ఆ జాగ్రత్త న్యాయమే. పూచీ నిలుపువాడే లేనపుడు సీలును కాపాడి ప్రయోజనమేమి? చెడిన స్థితిలో ఛాయాచిత్రము తీసి, అమ్మినవానికి రిజిస్టరు పోస్టులో నోటీసిచ్చి, ఇన్ని దినములలో బాగుచేయనిచో మేమే చేయించుకొని ఖర్చు కోరెదమని తెలిపి, గడువు కాగానే విప్పించుకొనవలెను. పంట కోర్టు తీర్పుకొరకు కాచుకొనదు.

మేము ఆ సభ్యుని పక్షమున దుకాణదారునకు అట్లే వ్రాసితిమి. మొదట కోపించి, పిమ్మట వచ్చి మాటలాడెను. ఆయనయు తయారుదారువలన నష్టపడినవాడే. ఇరువది పెట్టెలు గోదాములో అమ్ముడుపోక యున్నవి. ఫోర్డు తప్పుకొన్నపుడు దేశపు వాహనవ్యాపారుల సంఘము తమ రక్షణకు చట్టము కావలెనని కోరినది నిష్కారణముగ కాదు. తుదకు వేరొక కంపెనీ కంట్రోలరును పాత పలకలకు, పాత మోటారునకు సరిచూచి బిగించిరి, వెల చెరిసగము. పంపు నడచుచున్నది. మొదటి కోతకు రావలసిన కాయ మాత్రము చెట్టుననే వాడిపోయెను. దానికి ఎవరును బదులీయలేదు.

ఈ సంగతి కార్యవర్గము ముందు పెట్టగా, ఇకమీదట సంఘముద్వారా మొత్తముగ కొను యంత్రములకు వెలలో పదియవవంతును వారంటీ కాలము ముగియువరకు నిలిపి యుంచవలెనని, లేదా అంతకు బ్యాంకు పూచీ పుచ్చుకొనవలెనని తీర్మానించిరి. కంట్రోలర్ల విషయమున రహస్యసంఖ్యను, అమరికల లెక్కను మూసిన కవరులో సంఘమున దాఖలు చేయని వ్యాపారివద్ద కొనరాదనియు నిశ్చయమైనది. దీనికి కొందరు వ్యాపారులు సమ్మతింపకపోవచ్చును. వెల కొంత పెరుగనువచ్చును. పెరిగిన వెలను భరించుటయే మేలని మా యభిప్రాయము.

వారంటీ కార్డుల రిజిస్టరొకటి కార్యాలయమున తెరవబడినది. సభ్యులు మోటారు, స్టార్టరు, కంట్రోలరు, డ్రిప్పు సామాను బిల్లులను, కార్డులను, యంత్రముపై నున్న నంబరును, పలకల వెనుకనుండు చీటీ ఛాయాచిత్రమును తీసికొనివచ్చి వ్రాయించుకొనవలెను. బిల్లు లేనివారు అమ్మినవానివద్ద నకలు పుచ్చుకొని రావలెను. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సభ్యులకు ఇందులకు రుసుము లేదు.